కంప్రెషన్ ఎంత చూపిస్తే హెడ్ విప్పాలి?

రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల పాఠకుల ఉత్తరాల్లో ఈసారి అందరిదీ దాదాపు ఒకటే గోల: బండికి పికప్ పోయింది, మిస్త్రీ రీబోరు (సిలిండర్ని తొలిచి కొత్త పిస్టన్, రింగులు వేయడం) అంటున్నాడు, ఇంటి దగ్గరే కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూసుకోవచ్చా అని. చూసుకోవచ్చు. గేజీ పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. అది చూపించే అంకెని ఎంతవరకు నమ్మాలన్న దగ్గరే చాలామంది బోల్తా పడుతున్నారు.

ప్రశ్న: మాది పాత స్ప్లెండరు, కార్బరేటర్ బండి. ఘాటీ ఎక్కేటప్పుడు సెకండు గేరులో కూడా ఏడుస్తోంది. పొగ పెద్దగా లేదు. రింగులు పోయాయి, రీబోరు చేయించాలి అంటున్నాడు మిస్త్రీ. ఆన్‌లైన్‌లో గేజీ తెప్పించి నేనే చూస్తే ముల్లు 95 పీఎస్‌ఐ దగ్గర ఆగిపోయింది. రీబోరుకి ఇచ్చెయ్యమంటారా? – ఒక పాఠకుడు, గుణుపురం

అప్పుడే ఇవ్వకండి. 95 నిజమే అయితే ఇంజను బాగా పడిపోయినట్టే. కానీ పిస్టన్ చుట్టూ గాలి జారకుండా ఆపే రింగులు అంతగా అరిగిన నాలుగు స్ట్రోకుల బండి సైలెన్సర్లోంచి నీలం పొగ వదలకుండా ఉండడం అరుదు. మీకు పొగ లేదంటున్నారు. కాబట్టి ముందు అనుమానించాల్సింది గేజీనే.

చిన్న లెక్క చూడండి. మీ ఇంజను 97.2 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి (గాలిని ఎన్నో వంతు చోటుకి నొక్కుతుందన్న లెక్క) 9:1 అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక దాని నెత్తిన మిగిలే చోటు 12 సీసీ. అంతే. ఇప్పుడు మీ గేజీ గొట్టాన్ని పట్టుకుని, ప్లగ్ రంధ్రంలో బిగించే కొసలోకి చూడండి. అక్కడ బండి టైరు వాల్వు పిన్నులాంటి చిన్న పిన్ను కనిపించాలి. కొన్ని చవక గేజీల్లో అది ఆ కొసలో ఉండదు, పైన మీటరు దగ్గర ఉంటుంది. అలాంటప్పుడు గొట్టం లోపలి చోటంతా పిస్టన్ నెత్తిన ఉన్న చోటుతో కలిసిపోతుంది. 30 సెంటీమీటర్ల పొడవు, లోపల 5 మి.మీ. వెడల్పు ఉన్న గొట్టంలో దాదాపు 6 సీసీ పడుతుంది. 12 కాస్తా 18 అయింది, 9 ఉండాల్సిన నిష్పత్తి ఆరున్నర దగ్గరికి దిగింది. ఇంజను నిక్షేపంగా ఉన్నా ముల్లు మూడో వంతు తక్కువ దగ్గర ఆగిపోతుంది. అంటే మీ 95 వెనక అసలు అంకె 140 పైన ఉండొచ్చు! కారు సిలిండర్ పెద్దది కాబట్టి అదే గేజీ దాని మీద ఇంత తేడా చూపదు. అందుకే కార్లు చూసే మిస్త్రీ గేజీ బండి మీద పెడితే తగాదాలు వస్తుంటాయి.

పిన్ను కొసలోనే ఉంటే మంచిదే. అయితే ఆ పిన్ను గేజీతో వచ్చినదే అయ్యుండాలి. పోయిందని టైరు వాల్వు పిన్ను తెచ్చి వేస్తే దాని స్ప్రింగు గట్టిది. అది తెరుచుకోవడానికే కొంత ఒత్తిడి ఖర్చయి అంకె తగ్గుతుంది. ఇక బిగించే అడాప్టరు మీ ప్లగ్గుతో సరిపోవాలి. ఈ బండ్లలో ప్లగ్ మర 10 మి.మీ., లోపలికి దిగే పొడవు 12.7 మి.మీ. పొట్టి అడాప్టరైతే మళ్ళీ చోటు పెరుగుతుంది. పొడుగుదైతే మరీ ప్రమాదం, కిక్కు కొట్టగానే పిస్టన్‌కో వాల్వుకో తగలొచ్చు. పాత ప్లగ్గునీ అడాప్టరునీ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

గేజీ సంగతి తేలాక, పరీక్షకి ముందు రాత్రంతా చల్లారిన ఇంజను మీద టాపెట్లు (వాల్వులకీ వాటిని నొక్కే రాకర్లకీ మధ్య ఖాళీ) చూడండి. ఫ్లైవీల్ మీది ‘టీ’ గీత కేసింగు గుర్తుకి ఎదురుగా వచ్చేలా తిప్పాలి. రెండు రాకర్లూ వేళ్ళతో కదిపితే కొద్దిగా ఆడాలి. ఆడకపోతే ఇంజను ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్ళీ చూడండి. అప్పటికీ ఒక రాకరు బిగుసుకునే ఉంటే ఆ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట, కంప్రెషన్ అక్కడే జారిపోతోంది. ఫీలర్ గేజీతో (ఖాళీ కొలిచే సన్న రేకులు), మీ మాన్యువల్లో ఇచ్చిన ఖాళీకి సరిచేయించండి. రీబోరు ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు. అయినా ‘రీబోరు’ అన్నంత తొందరగా ‘టాపెట్లు చూద్దాం’ అనే మిస్త్రీలు తక్కువ.

ఇక పరీక్ష. బండిని ఒక రౌండు తిప్పి తెచ్చి సమతలంగా ఉన్నచోట సెంటర్ స్టాండు వేయండి. న్యూట్రల్లో ఉంచి పెట్రోలు నాబ్ కట్టేయండి. పొయ్యి, దేవుడి దీపం, వెలిగించిన బీడీ – ఏదీ దగ్గర్లో ఉండకూడదు. ప్లగ్ తీశాక కొట్టే ప్రతి కిక్కుకీ ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది. అంటుకునేది అదే. వంటింటి పక్క వరండా, తలుపులు మూసిన షెడ్డు దీనికి పనికిరావు.

ఇంజను సెగ మీద ఉండగా ప్లగ్ విప్పకండి. హెడ్ (సిలిండర్ పైమూత) అల్యూమినియంది, వేడిలో మర ప్లగ్గుతోపాటు ఊడి రావచ్చు. గుడ్డ చుట్టిన చెయ్యి ఆనిస్తే ఓర్చుకోగలిగేంత చల్లారనివ్వండి. పూర్తిగా చల్లబడితే రింగులు సరిగా సర్దుకోక అంకె తగ్గుతుంది, గోరువెచ్చగా ఉండడమే కావాలి. ప్లగ్గుని ముందు పావు చుట్టు మాత్రం వదులు చేసి, చుట్టూ పేరుకున్న ఎర్రమట్టిని సైకిలు పంపుతో ఊది, ఆ తర్వాతే పూర్తిగా తీయండి. మన రోడ్ల మట్టి ప్లగ్ గుంటలో గట్టిగా పేరుకుని ఉంటుంది. రెండు ఇసుక రేణువులు లోపల పడినా బోరు మీద గీతలు పడతాయి. అప్పుడు మిస్త్రీ మాటే నిజమవుతుంది.

స్పార్కు రాకుండా చేయడం మీ బండికి తేలిక. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి, కిక్కుకి దాంతో పనిలేదు. గేజీ అడాప్టరుకి రబ్బరు రింగు ఉందో లేదో చూసి చేత్తోనే బిగించండి. పానా పెట్టక్కర్లేదు. చోక్ తీసేయండి. ఇప్పుడు ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి అలాగే పట్టుకుని, ముల్లు ఇక పైకి పోవడం మానేసేదాకా కిక్కు కొట్టండి. ఆరేడు కిక్కులు పట్టొచ్చు. ఎక్సలేటర్ మూసి ఉంచి కొడితే ఇంజనులోకి గాలి చాలినంత రాదు. అలా కొలిచే చాలామంది తక్కువ అంకె చూసి కంగారు పడతారు. మొదటి కిక్కుకి ముల్లు ఎక్కడికి వచ్చిందో, చివరికి ఎక్కడ ఆగిందో రెండూ రాసుకోండి. గేజీ గాలి వదిలి ఇదే పని మూడుసార్లు చేయండి. మూడూ దగ్గరదగ్గరగా రాకపోతే ఎక్కడో లీకుంది, ముందు రబ్బరు రింగు చూడండి.

ఈ తరహా ఇంజన్లు బాగుంటే ముల్లు సాధారణంగా 140 నుంచి 180 మధ్య ఆగుతుంది. మీ మాన్యువల్లో వేరే అంకె ఇస్తే అదే ప్రమాణం. గేజీ మీద కిలోల్లో ఉంటే 14.2తో, బార్లలో ఉంటే 14.5తో గుణిస్తే పీఎస్‌ఐ వస్తుంది. మొదటి కిక్కుకి తక్కువగా లేచి, మెల్లమెల్లగా పెరుగుతూ పోతే రింగుల మీద అనుమానం. మొదటి నుంచీ తక్కువగా ఉండి ఎన్ని కిక్కులు కొట్టినా పెరగకపోతే వాల్వు మీద.

ప్లగ్గుని తిరిగి పెట్టేటప్పుడు ముందు చేత్తో ఆఖరి మర దాకా తిప్పాలి, చివర్లోనే పానా. కొత్త ప్లగ్గయితే వాషర్ ఆనాక ఇంకో అర చుట్టు, పాతదైతే అందులో నాలుగో వంతు చాలు.

టాపెట్లు సరిచేసి, గేజీ సరైనదై, అంకె 140 దాటిందనుకోండి. అప్పటికీ ఘాటీ ఎక్కకపోతే? ఎక్సలేటర్ ఇచ్చినకొద్దీ ఇంజను మోత పెరుగుతూ బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. మోత కూడా పెరగకుండా ఉక్కిరిబిక్కిరి అయితే ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత మసిపట్టిన సైలెన్సర్ చూడండి. వెనక చక్రాన్ని చేత్తో తిప్పి బ్రేకు పట్టేసి ఉందేమో కూడా చూడండి, అదీ తక్కువ దొంగ కాదు.

ప్రశ్న: గేజీలో 90 వచ్చింది. సిలిండర్లో ఆయిల్ పోసి చూస్తే 150కి ఎగబాకింది. మా వాడు రింగులంటాడు, నాకు నమ్మకం కుదరలేదు. ఆయిల్ ఎంత పొయ్యాలి? – ఒక పాఠకుడు, పర్లాకిమిడి

ఎంత పోశారో మీరు రాయలేదు, మెలిక అంతా అందులోనే ఉంది. కార్ల పుస్తకాలు ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. పొయ్యమంటాయి. వంద సీసీ బండికి అది చాలా ఎక్కువ. పై జవాబులో చెప్పిన 12 సీసీ చోటులో 5 ఆయిలే ఆక్రమిస్తే మిగిలేది 7. నిష్పత్తి 9 నుంచి పద్నాలుగున్నరకి లేస్తుంది. రింగులు ఎలా ఉన్నా ముల్లు పైకే పోతుంది. మందుల దుకాణంలో 2 మి.లీ. సిరంజి కొనండి, సూది తీసేయండి. బండిలో వాడే ఇంజనాయిలే 2 మి.లీ. ప్లగ్ రంధ్రంలో వదిలి, గేజీ పెట్టకుండా రెండు మూడు కిక్కులు కొడితే అది రింగుల చుట్టూ పాకుతుంది. ఆ కిక్కులప్పుడు రంధ్రం మీద గుడ్డ కప్పండి, మొహం పక్కకి ఉంచండి. ఆ తర్వాత గేజీ బిగించి మామూలుగా కొలవండి.

2 మి.లీ. కూడా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పదిహేను, ఇరవై శాతం పెరుగుదలని లెక్కలోకి తీసుకోకండి. 90 వచ్చిన చోట 105 వస్తే అది ఆయిల్ చేసిన పనే, రింగుల సంగతి అందులో ఏమీ తెలియదు. 130 పైకి వెళితే రింగులో బోరో అరిగినట్టు. 90 దగ్గరే ఉండిపోతే ఆయిల్ అందని చోట లీకుంది. అంటే వాల్వు సీటింగు, లేదా హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రేకు). సీటింగయితే వాల్వులు ల్యాపింగ్ (పేస్టుతో రుద్ది సరిగా కూర్చోబెట్టడం) చేయిస్తే సరిపోవచ్చు, బోరు జోలికి వెళ్ళక్కర్లేదు. పరీక్ష అయ్యాక స్టార్టు చేస్తే కాసేపు నీలం పొగ వస్తుంది, అది పోసిన ఆయిలే.

ప్రశ్న: విజయనగరంలో ఉండగా 160 చూపించిన బండి, ఇక్కడికి బదిలీ అయి వచ్చాక 145 దాటడం లేదు. గేజీ అదే. ఇంజనుకి ఏమైంది? – ఒక పాఠకుడు, కోరాపుట్

ఏమీ కాలేదు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే పది శాతం దాకా తక్కువ. ఇంజను పీల్చే గాలే పల్చనైనప్పుడు నొక్కితే వచ్చే ఒత్తిడీ అంత మేర తగ్గుతుంది. 160లో పది శాతం తీస్తే 144. సుంకి ఘాటీ దిగి సాలూరులో కొలిస్తే మళ్ళీ పాత అంకే కనిపిస్తుంది. పొట్టంగి, సెమిలిగుడ వైపు వాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. జయపురం అంత ఎత్తు కాదు కాబట్టి తేడా కొంచెం తక్కువ. మాన్యువల్లో ఉన్న కనీస అంకె పట్టుకుని కొండమీద బండికి హెడ్ విప్పే ముందు ఈ తీసివేత చేయండి.

ప్రశ్న: మా ఓమ్ని వ్యాను మూడు సిలిండర్లకి వరసగా 165, 110, 105 వచ్చాయి. రేడియేటర్లో నీళ్ళు తరచూ తగ్గుతున్నాయి. ఇంజను మొత్తం విప్పాలంటున్నారు. – ఒక పాఠకుడు, రాయగడ

మొత్తం అక్కర్లేదేమో. మల్టీసిలిండర్ ఇంజనులో ఒక్కో అంకె కన్నా వాటి మధ్య తేడా ముఖ్యం. అన్నిటికన్నా తక్కువది, ఎక్కువదానిలో 75 శాతానికి దిగకూడదు. 165లో 75 శాతం అంటే 124. మీ రెండూ దానికి దిగువనే ఉన్నాయి. పైగా అవి పక్కపక్క సిలిండర్లు, ఇంచుమించు సమానంగా పడిపోయాయి, నీళ్ళూ తగ్గుతున్నాయి. ఈ మూడూ కలిస్తే రెండో, మూడో సిలిండర్ల మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిందని గట్టిగా అనుమానించొచ్చు. రింగులు రెండు సిలిండర్లలో ఒకేసారి, ఒకే మేర పోయి మిగిలిన ఒక్కటి మాత్రం బాగుండడం అరుదు.

ఇంజను పూర్తిగా చల్లారిన పొద్దుట రేడియేటర్ మూత తీసి స్టార్టు చేయించండి. నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తుంటే అనుమానం బలపడుతుంది. వేడి మీద ఆ మూత ముట్టుకోవద్దు, మరిగే నీళ్ళు ఎగిసి మొహం మీద పడతాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే ఆయిల్లోకి నీళ్ళు చేరాయి, ఇక బండి నడపకండి.

హెడ్ దించినప్పుడు కొత్త గ్యాస్కెట్ వేసి మూసేస్తే పని సగమే అయినట్టు. హెడ్ అడుగు మీద స్టీలు స్కేలు అడ్డంగా, ఐమూలగా నిలబెట్టి కింద ఫీలర్ గేజీ దూరుతుందేమో చూడమనండి. 0.05 మి.మీ. దాటిన వంపుంటే ఫేసింగు (అడుగుని చదును చేయడం) చేయించాల్సిందే, లేకపోతే కొత్త గ్యాస్కెట్టూ కొన్నాళ్ళకి అదే చోట కాలుతుంది.

మళ్ళీ మీరే కొలిచేట్టయితే మూడు ప్లగ్గులూ ఒకేసారి తీయండి, బ్యాటరీ నిండుగా ఉంచండి. పాత మోడలైతే కాయిల్‌కి వెళ్ళే సన్న వైరు, ఇంజెక్షన్ మోడలైతే ఇంజెక్టర్ల, కాయిల్ కప్లర్లు పీకేయాలి. హ్యాండ్ బ్రేకు, న్యూట్రల్, ఎక్సలేటర్ అడుగంటా. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందే కాబట్టి పెట్రోలు ఆవిరి నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. తలుపులన్నీ బార్లా తెరవండి, సెల్ఫు కొట్టేవాళ్ళు తప్ప లోపల ఎవరూ ఉండొద్దు. చీర కొంగు, తువ్వాలు, వదులు చొక్కా చేతులు బెల్టు దగ్గరికి పోనివ్వకండి.

ప్రశ్న: బీఎస్‌6 బండికి కిక్కు లేదు, సెల్ఫే. కీ ఆన్ చేస్తే స్పార్కు వస్తుంది కదా? – ఒక పాఠకుడు, జయపురం

వస్తుంది, పెట్రోలు కూడా చిమ్ముతుంది. అందుకే ఇంజెక్టర్ కప్లర్, ఇగ్నిషన్ కాయిల్ కప్లర్ రెండూ పీకి సెల్ఫు కొట్టాలి. ప్లగ్ క్యాపుని ఊరికే గాలిలో వేలాడదీసి సెల్ఫు కొడితే ఆ హైటెన్షన్ కరెంటుకి దారి లేక కాయిల్, ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటరు) దెబ్బతినొచ్చు, మీకూ షాకు కొడుతుంది. కప్లర్లు పీకితే ఇంజను చెక్ లైటు వెలుగుతుంది. తిరిగి పెట్టాక ఆరకపోతే సర్వీసు సెంటరులో కోడు తీయించాలి. అయిదు సెకన్లకి మించి ఏకబిగిన సెల్ఫు కొట్టకండి. రెండు ప్లగ్గుల ఇంజనైతే ఒకటే తీయండి, రెండోది బిగించే ఉండాలి. కొన్ని ఇంజన్లలో స్టార్టింగు తేలికవడానికి ఆటో డీకంప్రెషన్ (ఒత్తిడిని తనంతట కొంత వదిలే ఏర్పాటు) ఉంటుంది. బుల్లెట్ యూసీఈ రకం ఇంజనులో, హోండా జీఎక్స్ రకం పెట్రోలు ఇంజన్లలో ఇది ఉంది. వాటిలో గేజీ ఎప్పుడూ తక్కువే చూపుతుంది, భయపడకండి.

ప్రశ్న: వంశధార ఒడ్డున పొలానికి అయిదు హెచ్‌పీ డీజిల్ ఇంజను వాడుతున్నాం. హ్యాండిల్ ఎంత తిప్పినా అంటుకోవడం లేదు. బండి గేజీతో దీని కంప్రెషన్ చూడొచ్చా? – ఒక పాఠకుడు, కాశీనగర్

వద్దు. డీజిల్ ఇంజనులో ఒత్తిడి 350, 400 పీఎస్‌ఐ దాటుతుంది. మీ గేజీ 300 వరకే. గొట్టం ఊడి కొట్టిందంటే కళ్ళు పోతాయి. డీజిల్‌కి వేరే గేజీ ఉంటుంది, అది ఇంజెక్టర్ రంధ్రంలో కూర్చోవాలి. ఆ పని పంపు మెకానిక్కుకి వదిలేయండి. సిలిండర్లో ఆయిల్ పోసి చూసే పరీక్ష డీజిల్‌కి అసలు చేయకూడదు. ఆ వేడికి ఆయిలే అంటుకుని ఇంజను ఒక్కసారిగా తిరగొచ్చు.

గేజీ లేకుండానే మీరు తెలుసుకోగలిగేది చాలా ఉంది. ఫ్యూయల్ లివర్ స్టాప్‌లో పెట్టండి. డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్‌తో పది చుట్లు తిప్పితే ఆయిల్ అంతటా చేరుతుంది. ఇప్పుడు హ్యాండిల్ ఊడదీసి పక్కన పెట్టి, లివర్ దించి, ఫ్లైవీల్‌ని రెండు చేతులా పట్టి మెల్లగా నెట్టండి. పిస్టన్ పైకి వస్తున్న చోట ఫ్లైవీల్ మీ చేతుల్ని ఎదురు నెట్టాలి, అలా కొన్ని సెకన్లు నిలబడాలి. ఎదురు నెట్టకుండా జారిపోతే ఆ క్షణంలో చెవి పెట్టి వినండి. ఎయిర్ క్లీనర్లో బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. ఒకరు నెడుతుంటే ఇంకొకరు వినడం మేలు. బిగి బాగానే ఉండి కూడా అంటుకోకపోతే కంప్రెషన్ సంగతి వదిలి డీజిల్ లైనులో గాలి చేరిందేమో చూడండి. ఫిల్టర్ దగ్గర బ్లీడింగ్ స్క్రూ వదిలి, బుడగలు పోయేదాకా డీజిల్ కారనివ్వాలి.

హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ళ పక్కనే ఉంచండి, చుట్టూ తిప్పి పట్టుకోకండి. ఇంజను వెనక్కి తన్నినప్పుడు విరిగేది ఆ బొటనవేలే.

ప్రశ్న: ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టి కంప్రెషన్ చెప్పేస్తాడు మా ఊరి మిస్త్రీ. సరైనదేనా? – ఒక పాఠకుడు, మునిగుడ

అసలు ఉందో లేదో చెప్పగలడు. వాల్వు వంగి పూర్తిగా పోయిన ఇంజనుకి అది చాలు. 100కీ 150కీ మధ్య తేడా వేలికి తెలియదు, రెండింటికీ వేలు ఎగిరిపోతుంది. తాళంచెవి ఆన్‌లో ఉండగా ఆ పని చేయకుండా చూసుకోమనండి.